పదిహేడో బిళ్ల

పాతపట్నం రేంజి ఆఫీసులో
వెనక గది బీరువా మూడేళ్ల తర్వాత తెరిచాం.
ఉంచాల్సినవి ఒక పక్క, చింపాల్సినవి ఒక పక్క
వేరు చెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది.
నాకంటే ముందే చెదలు సగం తేల్చేశాయి.

అట్ట ఊడిన రిజిస్టరొకటి. ఎర్రసిరా గళ్లు.
షికారు లైసెన్సులు, పంతొమ్మిదివందల అరవైరెండు.
రూళ్లు మొదటి పేజీలోనే, గుండ్రటి చేతిరాతలో:
కణుజు మగదైతే ఒక్కటి. ఆడదాన్ని కొట్టరాదు.
కొమ్ము ముప్పై అంగుళాలకు తగ్గరాదు.
తుపాకి పేలేలోపు టేపు పట్టేదెవరో రాయలేదు.
పొద్దుగూకాక పేల్చరాదు.
పడ్డ చోటే, కదపకముందే
కొమ్ముకి సీసం బిళ్ల కట్టాలి.
పరరాష్ట్రం వారికి రుసుము మూడింతలు.

పరరాష్ట్రం!
మా ఆఫీసు మెట్ల మీద నిలబడి గట్టిగా తుమ్మితే
పర్లాకిమిడిలో చిరంజీవ అంటారు.
మహేంద్రతనయ ఆ ఊరి బట్టలూ ఈ ఊరి బట్టలూ
ఒకే నీళ్లలో ఉతుకుతుంది.

కలకత్తా నుంచి ఒకాయన, జనపనార కంపెనీ మేనేజరు,
నౌపడలో చిన్నరైలు మారి దిగాడు.
హెచ్. ఎన్. లాహిరి. రెండు తుపాకులు, ఒక మడత కుర్చీ.
రుసుము నూటయాభై, బిళ్ల నంబరు పదిహేడు,
అన్నీ గళ్లలో ఉన్నాయి.
దారి చూపినవాడికి గడి లేదు.
అంచున పెన్సిలుతో: వెంట సవర మనిషి ఒకడు.

ఆ ఒకడి పేరు కోసం ఇంకో కట్ట విప్పాల్సొచ్చింది.
నేరాల కట్ట.
సవర ఎండన్న, వయసు సుమారు నలభై.

లాహిరి గారి గుండు కణుజు తొడకి తగిలింది.
అది కుంటుకుంటూ గట్టు దిగి
అవతలి రాష్ట్రంలోకి పోయింది.
బ్లాకు దాటి తరమరాదు, తొమ్మిదో రూలు.
ఆయన తరమలేదు. రూలు తెలిసినవాడు.
మర్నాడు పొద్దున బండికే వెళ్లిపోయాడు.
బిళ్ల వాడలేదు, వాపసు, సంతకం.

ఎండన్న వెళ్లాడు.
దెబ్బతిన్నదాన్ని కొండ మీద వదిలి రాకూడదని
వాళ్లకీ ఒక రూలుంది, ఏ పేజీలోనూ లేనిది.
రెండు రాత్రులు
నెత్తుటి చుక్క, విరిగిన వెదురు, నలిగిన ఇప్పపువ్వు
పట్టుకుని పోయాడు.
మూడోనాడు వాగులో ఉంది, ఇంకా ప్రాణంతో.
గొడ్డలి ఒక్కసారే ఎత్తాడు.

కావడితో తిరిగొస్తుంటే గట్టు మీద మన గార్డు.
బిళ్ల ఏదీ?
జవాబు, ఉన్నదున్నట్టు రాసుకున్నారు:
"దొర జేబులో ఉండిపోనాది బాబూ."
జరిమానా పన్నెండు రూపాయలు.
కట్టలేక పదకొండు రోజులు.
కింద వేలిముద్ర. ఇన్నేళ్లకీ గీత చెరగలేదు,
కొండవాలున వాళ్లు పేర్చే రాతిగట్ల వరసలా.

బిళ్ల అక్కడే, గుండుసూదికి గుచ్చి.
పాత రూపాయంత ఉంది. ఏడు అంకె కొంచెం అరిగింది.
పట్టుకుంటే వేళ్లకి నలుపు.

అప్పుడే కౌంటరు దగ్గర ఎవరో దగ్గారు.
సవర మంగన్న. ఎండన్న మనవడేమో,
కాకపోవచ్చు, ఆ కొండల్లో ఎండన్నలు చాలామంది.
ఏనుగులు జీడితోట తొక్కేశాయి, పరిహారం దరఖాస్తు.
సర్వే నంబరు చూశాను.
ఇల్లు మన వైపు. తోట గీతకి అవతల.
"ఇది ఒడిశా వాళ్లివ్వాలి, పర్లాకిమిడి వెళ్లు."
"ఆడికెళ్లే వచ్చినానమ్మా.
ఏనుగులు మీ ఆంధ్రాలోంచి ఎక్కొచ్చినాయి,
మాకు సమ్మందం లేదన్నారు."

ఫ్యాను రెండు చుట్లు తిరిగింది.

"ఆటికేటైనా బిళ్ల కడతారేటమ్మా,
ఏ రాస్ట్రానివో తెలడానికి?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

తీసుకోకూడదని తెలిసే తీసుకున్నాను.
ముద్ర వేశాను, తేదీ వేశాను.
రిజిస్టరు ఏ పక్కన పెట్టాలో ఇంకా తేలలేదు.
అతను ఆటో ఎక్కాక చూసుకుంటే
దరఖాస్తు మూలన నా బొటనవేలు,
సీసం నలుపుతో,
గీత గీతా కనబడుతూ.